తొంభై ఆరు కిలోల భయం

"ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయి వెనక్కి దొర్లితే? వెనక సీట్లో పాప ఉంటే?"

మెకానిక్ షెడ్డులోకి అడుగుపెట్టాక ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. నమస్కారం లేదు, ఫలానా అని చెప్పుకోవడం లేదు. స్టూలు మీద కూర్చుని స్పానరు తుడుచుకుంటున్న పెద్దాయన తలెత్తి చూశాడు. చంకలో రెండేళ్ల పిల్ల, పక్కన మొహం చిట్లించుకున్న మరిది, వెనకాల వెలిసిపోయిన ఎర్ర కారు.

"దొర్లితే దొర్లుతుంది. బండన్నాక రెండు వైపులా దొర్లుతుంది. ముందు కూర్చో, అమ్మాయ్," అన్నాడాయన.

ఆయన్ని అందరూ కాటా బాబాయ్ అంటారు. షెడ్డు నట్టనడుమ బస్తాలు తూచే పాత ఇనప కాటా ఉంటుంది. ఆయన దగ్గరికి ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తే ముందు దాని డిక్కీలో సామానంతా ఈ కాటా ఎక్కాల్సిందే. ఆ సంగతి ఆమెకింకా తెలియదు.

ఆమెకు తెలిసిందల్లా ఒకటే. గుట్ట మీది బడిలో, సైన్సు ల్యాబులో, సోమవారం ఉద్యోగంలో చేరాలి. పసిపిల్లల్ని చూసుకునే గది కూడా ఆ బడిలోనే ఉంది. బస్సు గుట్ట కిందే తిరిగిపోతుంది. భర్తది తెల్లవారుజాము షిఫ్టు. కాబట్టి ఈ కారు ఎక్కితేనే ఉద్యోగం. మొన్న ఒకసారి ఎక్కించి చూస్తే రెండో మలుపు దగ్గర దగ్గి, మూలిగి, ఆగిపోయి జానెడు వెనక్కి జారింది. హ్యాండ్‌బ్రేకు పట్టుకుంది కాబట్టి జానెడే. కానీ ఆ జానెడు ఆమె కళ్లలో రోజుకో గజం పెరుగుతోంది.

"చెప్పండి బాబాయ్, మీరైనా చెప్పండి," అన్నాడు మరిది. "ఇది బండి కాదు, తుక్కు. షోరూమ్ వాడు చూసి నవ్వాడు. వదినా, కారైనా వదిలెయ్యండి, ఉద్యోగమైనా వదిలెయ్యండి."

"రెండూ వదలను," అంది ఆమె.

కాటా బాబాయ్ మొదటిసారి నవ్వాడు. "ఆ మాట బావుంది. తాళాలియ్యి."

"దీనికి నలభై ఆరు హార్స్‌పవర్ అని పుస్తకంలో ఉంది, బాబాయ్ గారూ. ఇంకో పది పెంచగలరా? ఎక్కువ పెట్టలేను. మెయిన్ రోడ్డు కొట్టువాళ్లేమో పెద్ద సైలెన్సర్ వేస్తే పెరుగుతుందన్నారు."

"అరుపుతో గుర్రాలు పెరిగితే మా ఆవిడ ఈపాటికి రైలింజను అయ్యుండేది."

"అయ్యాను కాబట్టే ఈ ఖాళీ బోగీని ముప్పై ఏళ్లుగా లాగుతున్నాను," అని షెడ్డు వెనక గదిలోంచి జవాబొచ్చింది. వెంటనే ఆవిడ కూడా వచ్చి, పాపని ఎత్తుకుని, చేతికో బిస్కెట్టు ఇచ్చింది.

డిక్కీ తెరిచారు. రెండు స్టెప్నీలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. మంటలార్పే సిలిండరు. రెండు జాకీలు. ఇనప గొలుసు. దుప్పట్లు. సూట్‌కేసంత మందుల పెట్టె. చక్రాల వెనక పెట్టే చెక్క దిమ్మలు, రెండు చాలేచోట ఎనిమిది. పాప తోపుడుబండి. ఇంకా పాత బ్యాటరీ ఒకటి.

"ఇదెందుకమ్మా?"

"ఏమైనా అయితే అని."

"పనిచేస్తుందా?"

"చెయ్యదు," అంది ఆమె.

మరిది పకపకా నవ్వాడు. కాటా బాబాయ్ నవ్వలేదు. ఒక్కొక్కటీ మోసుకెళ్లి కాటా మీద పెట్టి, రాళ్లు సరిచేసి, చివరికి ముల్లు నిలిచాక గట్టిగా చదివాడు. "తొంభై ఆరు. నీ భయం తూకం తొంభై ఆరు కిలోలు, అమ్మాయ్. గుట్ట ఎక్కిన ప్రతిసారీ బండిచేత దీన్ని కూడా మోయిస్తున్నావు."

ఆమెకు కోపమొచ్చింది. "మీకేం, మీరు చెబుతారు! అది జారినప్పుడు వెనక కూర్చున్నది మీ పాప కాదు."

"కాదు. అందుకే మొత్తం తీసెయ్యమనలేదు. తూచానంతే."

ఆమెకు రోషం వచ్చినా లెక్క వచ్చు. సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీదే వేసింది. కారు ఎనిమిది వందల కిలోలు. గుట్ట ఎక్కడమంటే బరువుని పైకి ఎత్తడమే. తొంభై ఆరు దించితే దాదాపు అయిదు గుర్రాలు చేర్చినట్టు. వేసిన లెక్కని రెండుసార్లు చూసుకుంది. ఒక స్టెప్నీ, ఒక జాకీ, రెండు దిమ్మలు, ఒక చిన్న మందుల డబ్బా వెనక్కి పెట్టుకుంది. మంటల సిలిండరు దగ్గర చెయ్యి ఆగింది.

"అది ఉంచుకో. తూచిన భయం మంచిదే," అన్నాడాయన.

తర్వాత బానెట్ ఎత్తారు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే పాప తుమ్మింది. "ముక్కు మూసుకుని గుట్ట ఎక్కమంటే ఎవరెక్కుతారు?" అన్నాడాయన. ప్లగ్గులు మసిబొగ్గులు. ఇంజను ఒత్తిడి కొలిచి మాత్రం తల ఊపాడు: గుండె గట్టిదే. చక్రాలు పైకి లేపి చేత్తో తిప్పితే ముందు కుడి చక్రం అర చుట్టుకే ఆగింది. బ్రేకు పట్టుకుని వదలడం లేదు. పైగా పాత యజమాని సోకు కోసం వేయించిన పెద్ద చక్రాలు. చక్రం పెద్దదైతే రోడ్డు మీద తోపు తగ్గుతుందని ఆమె తనే చెప్పింది.

"నీ లెక్కా నా కాటా ఒకే మాట చెబుతున్నాయి," అని ఆయన తుక్కు కొట్టుకి కబురుపెట్టి, అసలు సైజు చక్రాలు నాలుగు తెప్పించాడు. పెద్ద చక్రాలు వాళ్లకే ఇచ్చేశాడు. సరికి సరి.

బ్రేకు విప్పుతుంటే ఆయన భార్య కాటా కథ చెప్పింది. ఆయన పద్దెనిమిదేళ్లు లారీలు తూచే కాటా మీద పనిచేశాడు. ఒకరోజు పదహారు టన్నుల లారీకి పన్నెండు అని రాయమన్నారు. పదహారు అని రాశాడు. చీటీ చింపి మళ్లీ రాయమన్నారు. ఈసారి అక్షరాల్లో కూడా రాశాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు. తుక్కులో పడేయబోతున్న ఈ చిన్న కాటాని ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు. "నలభై అయిదేళ్ల వయసులో, కొడుకు వయసువాళ్ల దగ్గర స్పానరు పట్టడం నేర్చుకున్నాడమ్మా. మా చుట్టాలంతా, నాలుగు టన్నుల దగ్గర నోరు మూసుకుంటే ఏం పోయేదన్నారు."

"ఆ లారీ దిగేది గుట్ట దారినే," అన్నాడు కారు కిందనుంచి ఆయన. "కింద మలుపు దగ్గర బడిపిల్లలు రోడ్డు దాటతారు."

ఆదివారం ఉదయం గుట్ట కింద నిలబడ్డారు. పాపని ఆయన భార్య దగ్గరే ఉంచారు. "ఎక్కకపోతే తుక్కు కొట్టుకి నేనే తోసుకెళ్తాను," అని మరిది వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె తోలుతోంది, కాటా బాబాయ్ పక్కన.

మొదటి మలుపు సునాయాసంగా దాటింది. బండికి కొత్త ఊపిరొచ్చినట్టుంది. రెండో మలుపు దగ్గర, సరిగ్గా అక్కడే, ఇంజను అరుపు పెరిగింది, వేగం తగ్గింది. కాలుతున్న వాసన.

"చెప్పానా!" అన్నాడు మరిది.

"నువ్వూరుకో, నీ బరువే అరవై ఎనిమిది కిలోలు," అని కాటా బాబాయ్ కిందకి వంగి చూశాడు. "అమ్మాయ్, ఆ ఎడమ కాలు క్లచ్ మీద ఎందుకుంది?"

"ఆగిపోయేట్టుంటే వెంటనే నొక్కడానికి."

"నొక్కలేదనుకుంటున్నావు. సగం నొక్కే ఉన్నావు. ఇంజను తిరుగుతోంది గానీ చక్రాలకి చేరట్లేదు. మేం విప్పిన గుర్రాల్ని నీ కాలు మళ్లీ కట్టేస్తోంది."

"తీస్తే ఆగిపోతుందేమో!"

"ఆగితే హ్యాండ్‌బ్రేకుంది, రెండు దిమ్మలున్నాయి, నేనున్నాను. తియ్యి."

ఆ కాలు తియ్యడం ఆమె చేసిన పనులన్నింట్లోకీ కష్టమైంది. బొటనవేలు లేచింది, మడమ లేవలేదు. పళ్లు బిగించి, ఒక్కసారిగా కాలు ఎత్తి క్లచ్ పక్కన నేలకేసి కొట్టింది. బండి చిన్నగా ఊగి, రోడ్డుని పట్టుకుంది. ఆమె యాక్సిలరేటర్ నొక్కింది. రెండో మలుపు వెనక్కి పోయింది. మూడోదీ పోయింది. బడి గేటు కనిపించింది.

"గాలి మనవైపు వీచింది కాబట్టి ఎక్కింది," అన్నాడు మరిది.

"దిగి మళ్లీ ఎక్కిద్దాం," అంది ఆమె. నాలుగుసార్లు ఎక్కించింది. నాలుగోసారి మరిది కింద దిగిపోయి, ఇంటికి నడిచే వెళ్తానన్నాడు.

సోమవారం పాప వెనక సీట్లో పాట పాడుతూనే ఉంది, గుట్ట అయిపోయింది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆమె డిక్కీ ఖాళీచేసి, ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ఒక్కొక్కటీ పెడుతుంది. పని లేనిది ఇంట్లోకి పోతుంది. పాప జారుడుబల్ల మెట్లెక్కేటప్పుడు చేతులు కిందే సిద్ధంగా ఉంచుతుంది గానీ పట్టుకోదు. ఆరోజు గుట్ట మీద కారు దిగుతూ కాటా బాబాయ్ చెప్పిన మాట అదే:

"భయపడు, ఎవరు వద్దన్నారు? కానీ బయల్దేరే ముందు దాన్ని తూచి పెట్టుకో. ఎక్కడం మొదలెట్టాక మాత్రం కాలు తియ్యి."