రంజన్ నీళ్లలో గిన్నె

షామీర్‌పేటలో మనిషి చర్మాన్ని పెంచి, కత్తి పెట్టకుండా ఒలిచినవాణ్ణి నేనేనని మనవలకు చెబుతుంటాను. నిజానికి ఆ ల్యాబులో నేను ఏసీలు, ఫ్రీజర్లు బాగుచేసే మెకానిక్‌ని. రెండు వేల సంవత్సరం దాటాక, జీడిమెట్లలో పనిచేసిన మందుల కంపెనీ మూతపడితే అక్కడ చేరాను.

ఒలిచింది పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి. ఆమె ప్లాస్టిక్ గిన్నె అడుగున కంటికి కనిపించని పూత ఉండేది. ఒంటి వేడిలో ఉన్నంతసేపూ చర్మ కణాలు దాన్ని పట్టుకుని పెరుగుతాయి. చల్లబడితే పూత నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కణాలు పట్టు వదులుతాయి. పొరంతా ఒకే ముక్కగా లేచి వస్తుంది. మందు పోసి ఊడదీస్తే చెదిరిపోతుంది. అలాంటి గిన్నె ఆమెకు ఒక్కటే మిగిలింది. సాయంత్రానికి నిండు పొర చూపించకపోతే ఈ పని ఆపేయమని ఆమె గైడు చెప్పేశాడు.

మే నెల. మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు ఫ్రీజర్లకూ, కణాలు పెంచే పెట్టెలకూ మాత్రమే, ఏసీకి లేదు. ఆమె గిన్నెను బయటపెట్టి కూర్చుంది. పొర కదల్లేదు.

"ఏమైంది బిడ్డా?"

"రూం టెంపరేచర్‌ల అరగంట పెడితే ఊడొస్తదని డబ్బా మీద రాసిండ్రు కాకా. ఊడ్తలేదు. ఇగ మందు పోసుడే."

"రూమే జొరమొచ్చినట్టు కాలుతాంది. అది రాసినోడు మే నెలల షామీర్‌పేటకు రాలే!"

ఈ చివరి మాట నాదని చాలామందికి చెప్పాను. అన్నది కూడా ఆమే. నేనన్నది "కరెంటు నా చేతుల లేదు బిడ్డా" అని.

ఆమె మందు సీసా మూత తీయబోయి ఆగింది. "కాకా, వాచ్‌మన్ రంజన్ల నీళ్లున్నయా?"

రంజన్ అంటే అతను తాగే నీళ్ల పెద్ద మట్టికుండ, దాన్ని మోసుకొచ్చాను. బరువు మాత్రం కల్పన కాదు. ఆమె ట్రేలో నీళ్లు పోసి, మూత తీయకుండా గిన్నెను అందులో పెట్టింది.

"నేను తాగే నీళ్లల్ల ఏం నానవెడ్తున్నరే?" గుమ్మంలోంచి వాచ్‌మన్ అడిగాడు.

"తోలు," అంది ఆమె.

ఆ రంజన్ నీళ్లు అతను మళ్లీ ముట్టలేదు.

కాసేపటికి పొర అంచు ముడుచుకుంది. తర్వాత మొత్తం మీగడలా తేలింది.

కరెంటు వచ్చాక గైడు వచ్చి మైక్రోస్కోపులో చూశాడు. చిరుగు లేదు.

"ఎంత టెంపరేచర్‌లో వదిలింది?"

"రంజన్ టెంపరేచర్ సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. "కొత్త గిన్నెలు తెప్పిస్తాను. ఈసారి నీళ్లలో థర్మామీటరు పెట్టి చెయ్యమ్మా," అన్నాడు.

రంజన్ ల్యాబులోనే ఉండిపోయింది. వాచ్‌మన్‌కు వేరేది నేనే కొనిచ్చానని చెబుతుంటాను. కొన్నది ఆమె. మోసింది నేను.