జల్లెడ చిరిగిందని ముందే చెప్పాడు

మీరు నమ్మేశారు. "సూపర్‌వైజరు అజాగ్రత్త వల్లే పేలుడు" అన్న కంపెనీ ప్రకటన పేపర్లో చదివి, అయ్యో అనుకుని, రెండో ఇడ్లీ తుంచుకున్నారు. ఆ పేలుడులో పోయింది మా అక్క భర్త, మా పెద్దబావ. హనుమాన్ జంక్షన్ దాటాక ఉన్న మందుల ఫ్యాక్టరీలో పూత విభాగం సూపర్‌వైజరు ఆయనే. అజాగ్రత్తట! ఆ ముక్క రాసినవాడు ఆయన చేసిన మసాలా పల్లీలు ఒక్కసారి తిని ఉండాల్సింది.

పటమటలో వాళ్ళింట్లో ఆదివారం పల్లీలు ఆయనవే. ముందు జల్లెడ పట్టాల్సిందే. ముక్కలూ పొడీ ఆయన భాషలో నూక; పామర్రు వరి రైతు కొడుకు మరి. నూక పోతేగానీ శనగపిండి తాకనిచ్చేవాడు కాదు. ఓసారి, యూనియన్ జెండా పట్టుకు తిరిగే నేను, అన్నీ సమానమేగా అని జల్లించకుండా కలిపేస్తే నెత్తిన ఠంగుమని మొట్టికాయ పడింది.

"చూడరా నీ సమానత్వం! పెద్ద గుళ్ళకి దుప్పటంత పిండి, నూకంతా ఒకదాన్నొకటి కరుచుకుని ముద్ద. సైజు సమంగా లేకపోతే పూత సమంగా ఎక్కడ పడుద్దిరా కామ్రేడూ?"

"ఏమండీ, ఇది వంటిల్లు, మీ ఫ్యాక్టరీ కాదు," అంది అక్క.

"ఇక్కడ తేడా వస్తే నాలిక్కే. అక్కడైతే ప్రాణానికి."

అక్కడా అదే పని. పెద్ద పీపాలో జల్లించి పోసిన మందు గుళికలు. కింది నుంచి వేడిగాలి కొడితే మరిగే నీళ్ళలా ఎగురుతాయి. ఎగురుతుండగా పూత చిమ్ముతారు. మందు ఒంట్లో మెల్లగా దిగేది ఆ పూత వల్లే. నూక కలిస్తే పూత ఎగుడుదిగుడు. పైగా ఆ నూక ఎగిరి, పైన గాలిని వడగట్టి బయటికి వదిలే గుడ్డసంచిని మూసేస్తే, పూత మందు నుంచి లేచే మండే ఆవిరి లోపలే ఉండిపోతుంది.

పేలుడు జరిగిన మధ్యాహ్నం బావ మిషను ఆపేశాడు. ఆపరేటరు రెండు చేతులకూ కట్లతో ఆస్పత్రి మంచం మీద నుంచి నాకు చెప్పాడు.

"మీ చాదస్తమేంటండీ! సాయంత్రానికి లోడు వెళ్ళాలి," అన్నాడట మేనేజరు.

"జల్లెడ చిరిగిందయ్యా! పలచటి పూత గుళికలు మింగినోడి కడుపులో మందంతా ఒక్కసారే దిగితే, నువ్వెళ్ళి తోడతావా?"

మేనేజరే మిషను నడిపే మీట నొక్కి బయటికి నడిచాడు. కాసేపటికి సంచి మూసుకుపోయింది. బావ అందర్నీ బూతులు తిడుతూ, మెడలు పట్టి బయటికి నెట్టి, మిషను ఆపడానికి వెనక్కి పరిగెత్తాడు. ఎక్కడో నిప్పురవ్వ. ఇనుప తలుపు ఊడొచ్చి ఆయన్ని గోడకేసి కొట్టింది. వాచీ కరిగి మణికట్టు మాంసంలోకి దిగింది. కప్పు లేచిపోయింది. వడగళ్ళలా గుళికలు, కాలుతూ.

మొన్న ఆదివారం అక్క పల్లీలు జల్లించింది. నూక తీసి పారబోసింది. పొయ్యి మాత్రం వెలిగించలేకపోయింది.

మీ ఓదార్పులు మాకొద్దు. ఇవి కావాలి:

"అజాగ్రత్త" అన్న మాట కంపెనీ వెనక్కి తీసుకోవాలి, అదే పేపర్లో, అంతే అక్షరాల్లో.

మీట నొక్కిన చెయ్యి ఎవరిదో కేసులో రాయాలి.

ప్రమాదమని ఆపిన మిషన్ని, ఆపినవాళ్ళు సరే అనేదాకా ఎవడూ నడపకూడదు.

ఆ జల్లెడ తుక్కు కొట్టుకి పోకూడదు. కోర్టులో కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాలి. చిరుగు అందరికీ కనపడాలి.