జంగయ్య కట్టిన ఎర్ర పేలికలు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాలకు ఎదురుగా ఉన్న ఒక బట్టల షాపులో అండాలమ్మ పని చీరలు అమ్మడం కాదు, చీరలు పోకుండా చూడడం. మొదటి అంతస్తులో మెట్ల పక్కన ఆమెకంటూ ఒక కుర్చీ వేశారు గానీ అందులో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. నిలబడే ఉంటుంది. ముఖాలు చూడదు, చేతులు చూస్తుంది. పెళ్ళి బట్టలకని గుంపుగా వచ్చి ముందున్నవాళ్ళు బేరమాడుతుంటే, వెనకున్నామె కొంగు కింద ఏం జరుగుతోందో ఇట్టే పసిగడుతుంది. పసిగట్టినా నోరు తెరవదు. అడిగామో, ఆ చీర చటుక్కున కుప్పలో పడుతుంది, తప్పయిపోయిందని మనమే చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకని అడగకూడదు. వెంటే నడవాలి, మెట్లు దిగనివ్వాలి, సరుకుతో సహా పట్టుకోవాలి. కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఓనరు ఆమెనే చూసి నేర్చుకోమంటాడు.

ఈ బుద్ధి షాపు మూసేటప్పుడు షట్టరు లోపలే ఉండిపోతే ఎంత బాగుండేది! ఉండదే. ఆమెతో పాటే బస్సెక్కి ఎల్.బి.నగర్ ఇంటికొస్తుంది. పాలవాడి మీద అనుమానం, కూరగాయల బండి తక్కెడ మీద అనుమానం, పక్కింటి విజయదుర్గ ఊరికే పులిహోర పంపిస్తే ఎందుకు పంపిందా అని అనుమానం. ఆమె పెనిమిటి తిరుపతి సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. బాటసింగారం పండ్ల మార్కెట్టు నుంచి దుకాణాలకు సరుకు చేరవేసే వ్యాను డ్రైవరు. ఎవరడిగినా బండి తాళం చేతిలో పెట్టేస్తాడు, ఎవరేం చెప్పినా తలూపేస్తాడు. "ఈ మనిషిని నేను కాసుకోకపోతే పట్నంల ఎప్పుడో అమ్ముకతినెటోళ్ళు" అంటుంది అండాలమ్మ. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

పోయినేడాది తిరుపతికి ఛాతీలో మంట పుట్టింది. గల్లీ డాక్టరు గ్యాసన్నాడు, గోలీలిచ్చి పంపాడు. తిరుపతి నమ్మి ఇంటికొచ్చి పడుకున్నాడు. అండాలమ్మ నమ్మలేదు. ఆయన చేతులు పట్టుకుని చూస్తే చెమటతో చల్లగా ఉన్నాయి. ఉన్నపళాన ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు అక్కడివాళ్ళు. స్టెంటు వేశారు. ఆ రోజు దవాఖాన వరండాలో కూలబడి ఆమె మొక్కుకుంది, మనిషి బతికి బయటపడితే ఇద్దరం కాలినడకన నల్లమల ఎక్కి లోయలో ఉన్న మల్లన్నను చూసుకుంటామని. అప్పటినుంచీ తిరుపతి కనబడ్డవాడికల్లా "మా ఆమె అనుమానమే నా పానం నిలబెట్టింది" అని చెప్పుకుని మురిసిపోతాడు.

మెల్లగా నడిస్తే ఫరవాలేదని డాక్టరు ఒప్పుకున్నాడు. నాలుకకింద పెట్టుకునే మాత్ర మాత్రం ఎప్పుడూ దగ్గర ఉండాలన్నాడు. మూడు రోజుల నడక, దారి తెలిసిన మనిషి లేనిదే కుదరదు. ఆ మనిషిని చెప్పింది విజయదుర్గే.

"మా తమ్ముడు వాళ్ళు జంగయ్యనే పెట్టుకున్నారండీ. చెంచు మనిషి, అక్కడే పుట్టి పెరిగాడు, ఆ అడవంతా అతనికి కొట్టిన పిండి. మీరేం కంగారు పడకండి."

కంగారు పడకండి అన్న క్షణం నుంచే అండాలమ్మకు కంగారు మొదలైంది.

కొండ మొదట్లో జంగయ్య ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. అవసరానికి మించి నవ్వుతాడు. ఫోను లేదన్నాడు, కాసేపటికి అతని లుంగీ మడతలో ఫోను మోగింది. సారా ముట్టనన్నాడు, గాలి తిరిగినప్పుడల్లా ఇప్పసారా వాసన కొట్టింది. పైగా రాగానే "అక్కా, ఆ సంచి ఇటియ్యి, నేను మోస్త" అని చెయ్యి చాపాడు. అందులో తిరుపతి మందులన్నీ ఉన్నాయి. ఇవ్వకుంటే మోసుకుంటూ కొండెక్కలేదు, ఇస్తే మనసొప్పదు. చివరికి ఇచ్చింది. ఇచ్చి, ఆ సంచి మీంచి కన్ను తీయకుండా జంగయ్య మడమలు తొక్కినంత దగ్గరగా నడిచింది. తిరుపతి తన పద్ధతిన వెనక మెల్లగా వస్తున్నాడు. ఎప్పుడైనా వెనక్కి చూస్తే ఆయన భుజం మీది తెల్ల తువ్వాలు చెట్ల మధ్య కనబడేది. వస్తున్నాడులే అనుకునేది.

మొదటి రోజు ఏ గొడవా లేకుండా గడిచింది. రాత్రి జంగయ్య చుట్టాల గుడిసెలో పడుకున్నారు. తెల్లారి ఆమె వాగులో ముఖం కడుక్కుని వచ్చేసరికి జంగయ్య, తిరుపతి తలకాయలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూసి జంగయ్య లేచి వెళ్ళాడు.

"ఏమన్నడు? వాని మీద నాకు నమ్మకం లేదు" అంది.

"ఏమంటడు, మెల్లగ రమ్మన్నడు. మంచి పిలగాడే."

మంచి పిలగాడట! ఈయనకు చెడ్డవాడు ఎవడు కనక.

ఆ రోజు దారి ఇరుకైంది. బోద గడ్డి మనిషెత్తు పెరిగి ఉంది, దారి ఎక్కడికక్కడ చీలుతోంది. మొదటి చీలిక దగ్గర జంగయ్య ఆగాడు. అటూ ఇటూ చూసి, నడుం నుంచి పాత ఎర్రచీర ముక్క తీసి పరపరా ఒక పేలిక చించి కొమ్మకు కట్టాడు. ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ ముందుకు పోయాడు.

అండాలమ్మ ఆ గుడ్డ ముందు ఆగిపోయింది. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రగుడ్డ, నిమ్మకాయ కనబడితే పక్కకు తప్పుకుని పోయే ఊరి మనిషి ఆమె. ముందు మంత్రమేమో అనుకుంది. రెండో చీలిక దగ్గర మళ్ళీ కట్టాక అసలు సంగతి బోధపడింది. మంత్రం లేదు, మట్టీ లేదు. వెనక వీడి మనుషులు వస్తున్నారు. దారి తప్పకుండా రావడానికి వాళ్ళకు గుర్తులు పెడుతున్నాడు. ముందొకడు మాటల్లో పెట్టడం, వెనకొకడు పని కానివ్వడం, షాపులో ఈ ఎత్తు ఎన్నిసార్లు చూడలేదు! ఇంతలో జంగయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టి లోయలోకి కూ అని కేకేశాడు. ఎక్కడో దూరాన ఇంకో గొంతు కూ అంది. ఇంకేం కావాలి?

అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు. వెనక్కి వెళ్ళి పేలిక విప్పి చీర మడతలో, కొంగు కింద దోపుకుంది. ఆ తరవాత జంగయ్య కట్టడం, ఆమె విప్పడం, దారి పొడుగునా ఇదే వరస. నిన్నటిలాగే వెనకే వస్తున్నాడనుకున్న తన మొగుణ్ణి దొంగల చేతుల్లో పడకుండా కాపాడుకుంటున్నానని ఆమె అనుకుంది. లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

పొద్దు వాలుతుండగా ఒక వాగు దగ్గర పెద్ద బండ మీద సంచి దించి జంగయ్య మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాడు. నీళ్ళు మరిగాయి. తిరుపతి జాడ లేదు. అండాలమ్మ లేచి నిలబడింది. చెట్ల మధ్య తెల్ల తువ్వాలు లేదు.

"ఇంకా రాడేంది?"

"వస్తడక్కా. తొవ్వ పొడుగున పేలికలు కట్టుకుంట వచ్చిన గద. గుడ్డ కనబడ్డ దిక్కే రావాలని, నేను కూ అంటే కూ అనాలని అన్నకు పొద్దుగాలే చెప్పిన."

ఆమె చూపు నేల మీదికి దిగింది. "ఈ వాగుల నీళ్ళు ఎండకాలంల గూడ ఉంటయా?" అని అడిగింది. అడిగిన మరుక్షణం తెలిసింది తానేం చేస్తోందో. కొంగు కింద సరుకున్నవాళ్ళు ముందు నేల చూపులు చూస్తారు, తరవాత సంబంధం లేని మాట ఎత్తుకుంటారు. అలాంటివాళ్ళను ఎంతమందిని చూసిందో! ఇప్పుడు తానూ అదే నేల చూస్తూ నిలబడింది. అయ్యో, ఇక్కడ ఇలా నసిగిన కొద్దీ అక్కడ ఆయన తప్పుడు దారిన దూరం వెళ్ళిపోతున్నాడు. మాత్ర ఇక్కడుంది. మనిషి ఎక్కడున్నాడు?

గుప్పెడు ఎర్ర పేలికలు తీసి బండ మీద పడేసింది.

జంగయ్య నవ్వు ఆరిపోయింది. "ఏందక్కా ఇది? ఎందుకు ఇప్పినవ్?"

"వెనక నీ మనుషులు వస్తున్నరనుకున్న. దోచుకుంటరని."

"వచ్చి ఏం దోస్తరు, నీ గోలీలా?" అని గయ్యిమన్నాడు. "బుద్ధున్నోళ్ళు జేసే పనేనా ఇది? లే, ఏడేడ ఇప్పినవో చూపియ్యి."

సంచి ఎత్తుకుని పరుగు పెట్టాడు. ఆమె వెనకే ఉరికింది. ఏ కొమ్మ నుంచి విప్పిందో ఒక్కటీ మరిచిపోలేదు, ప్రతి చోటా చూపించింది. ఒక చీలిక దగ్గర గడ్డి ఇంకో వైపు తొక్కి ఉంది. జంగయ్య అటు తిరిగి కేకేశాడు. జవాబు లేదు. ఇంకా కిందికి దిగాక ఒక రాతికి ఆనుకుని తిరుపతి కనబడ్డాడు. కుడిచెయ్యి ఛాతీ మీద ఉంది, ముఖం పాలిపోయి ఉంది. అండాలమ్మ మాత్ర తీసి నాలుకకింద పెట్టింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఉన్న దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. కన్నీళ్ళు ధారలు కట్టాయి, తుడుచుకోను కూడా లేదు.

వెలుగు పూర్తిగా పోకముందే తిరుపతి కళ్ళు తెరిచాడు. ముందు భార్యను చూశాడు, ఆమె భుజం మీదుగా జంగయ్యను చూశాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినట్టే అయిందే. గుడ్డలు కడుత అన్నడు, ఒక్కటి కట్టలే. నన్ను అడవిల ఇడిశిపెట్టి పోయిండు. నీ మాట ఇనకపోతి. వాన్ని దగ్గరికి రానియ్యకు."

ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అన్న మాటలివి. జంగయ్య అండాలమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు. మనిషి ఇప్పుడిప్పుడే తేరుకున్నాడు, ఇప్పుడు చెబితే గుండెకు మంచిది కాదు అనే సాకు కూడా ఆమె చేతికి దొరికింది. ఆ సాకును పట్టుకుందామనే చూసింది. కానీ ఆయన కళ్ళల్లో జంగయ్య మీద ఉన్న ఆ చూపు భరించలేకపోయింది. అది తన చూపే.

"ఆయన కట్టిండు. నేనే ఇప్పేసిన."

తిరుపతికి చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కోపం రాలేదు.

"ఆ గుడ్డలు ఎందుకో నన్ను ఒక్క మాట అడగొద్దా?" అన్నాడు. "అడిగితే చెప్తుంటి గద."

వెనక్కి దిగిపోదామని జంగయ్య అన్నాడు. మొక్కు ఇంత దగ్గరికొచ్చాక దిగేది లేదని తిరుపతి పట్టుబట్టాడు. ఆ రాత్రి అక్కడే మంట వేసుకుని పడుకున్నారు. తెల్లారి బయలుదేరేటప్పుడు తిరుపతి జంగయ్యను పిలిచి, "తమ్ముడూ, నిన్న తప్పుగ అన్న, మనసుల పెట్టుకోకు. ఇయ్యాల నా పక్కకే నడువు" అన్నాడు.

అండాలమ్మ ఆయన రెండో పక్కకు వచ్చి నిలబడింది. తిరుపతి ఆమెను ఒక్క క్షణం చూశాడు.

"నువ్వు ముందల నడువు" అన్నాడు నెమ్మదిగా. "నాకు కనబడేటట్టు నడువు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అలా అనడం అదే మొదలు. అండాలమ్మ ముందుకు నడిచింది.