పడుగు మీద అత్త చెయ్యి

దయ్యాలున్నాయా లేవా అని మా మగ్గాల కాడ ఎప్పుడు వాదన లేచినా, లేవు అనే పక్షంలో మొదటి మనిషిని నేనే. మాట వరసకు అనడం కాదు. నల్గొండలో దయ్యాల కొంప అని ఎవరూ దిగని ఇంట్లో కావాలని మూడేళ్లు కిరాయికున్నాను. అక్కడ నన్ను పీడించినవి నల్లులు ఒక్కటే.

ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోయేది చదివి, వీడు అన్నీ నమ్మే రకం అనుకోవద్దు. నేను లెక్కల మనిషిని. చదివింది తొమ్మిదో తరగతి. కానీ చిట్యాల చుట్టుపక్కల చీరల మీద ఏ పువ్వు నేయాలన్నా, గ్రాఫు కాగితం మీద గడులు గీసి, ఎన్ని పోగులకు ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ రంగు అద్దాలో లెక్క తేల్చేది నేనే. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి నేర్చుకున్నాను.

ముప్పై ఒకటో ఏట నాకు షుగర్ వచ్చింది. మాత్రలతో లొంగేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారుకాని టైప్ వన్. పిల్లలకే వస్తుందనుకుంటారు, పెద్దవాళ్లకూ వస్తుంది. దవాఖానలో ఆ మాట చెప్పినప్పుడు నేను పెద్దగా భయపడలేదు. ఇంత అన్నానికి ఇన్ని యూనిట్లు, అంతే కదా, ఇది నా పనే అనుకున్నాను.

ఆ పొగరు ఆరు నెలల్లో దిగింది. ఒకే గిన్నెతో కొలిచిన అన్నం, ఒకే పప్పు, ఒకే సమయం, అవే యూనిట్లు. సోమవారం నూట పద్దెనిమిది. మంగళవారం రెండు వందల తొంభై. బుధవారం యాభై రెండు. రెండు రెండ్లు నాలుగు కావని ఒప్పుకోవాల్సి వచ్చింది నా ఒంటి దగ్గరే.

అయినా వదల్లేదు. పొడుగు పుస్తకం ఒకటి తెచ్చి నిలువు గీతలు గీశాను. సమయం, తిన్నది, యూనిట్లు, మీటరు చూపిన అంకె, చివర 'ఎందుకు' అని ఒక గడి. అంకె ఎక్కువైనా తక్కువైనా ఆ గడిలో కారణం రాయాలి. పెండ్లి భోజనం. జ్వరం. ఎండలో నడిచిన. సూది పాత చోటనే గుచ్చిన. ఏ కారణం దొరక్కపోతే రెండు రోజులు ఆలోచించైనా సరే రాసేవాడిని. ఆ గడి ఎన్నడూ ఖాళీగా ఉంచనని నాకు గర్వంగా ఉండేది.

ఏండ్లు గడిచేకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. షుగర్ పడిపోతే ఎవరికైనా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. నాకు అవి రావడం ఆగిపోయింది. మాటిమాటికీ పడిపోతే ఒళ్లు హెచ్చరించడం మానేస్తుందట. నాకు మిగిలిన గుర్తు ఒక్కటే, మొండితనం. నేను ఉత్తపుణ్యానికి వాదన పెట్టుకుంటే మా ఇంటామె సుజాత ముందు గ్లూకోజు కలిపి తెస్తుంది, తర్వాతే జవాబు చెబుతుంది. ఒక్కోసారి షుగర్ సరిగ్గానే ఉండి, నా వాదనలో కూడా న్యాయం ఉండేది. అప్పుడూ గ్లూకోజే.

ఇక అత్త సంగతి.

నర్సమ్మ అత్త మా నాయినకు చెల్లెలు. ఆమె బిడ్డనే నేను చేసుకున్నాను. కాబట్టి అల్లుడినన్న మర్యాద నాకు ఎన్నడూ దక్కలేదు. మా ఇంట్లోనే ఉంటుంది. గుంట మగ్గం మీద యాభై ఏండ్లు నేసిన మనిషి. పొద్దున మగ్గంలోకి దిగగానే మొదట పడుగు మీద, అంటే నిలువు పోగుల మీద, అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఊరుకుంటుంది. గంజి ఎంత పట్టింది, మబ్బు పట్టి సడలిందా, ఎండకు బిగిసిందా, అంతా ఆ చేతికే తెలుస్తుంది. ఇది వింత కాదు, పాత నేతగాళ్లందరూ చేసేదే.

ఒకరోజు నేను వేలికి సూది గుచ్చుకోబోతుంటే నా ముంజేతి మీద అట్లాగే అరచెయ్యి ఆనించింది.

"ఊకె ఎందుకు పొడుసుకుంటవ్ రా? తొంభై ఉంటది, పో."

మీటరు తొంభై నాలుగు చూపింది.

"నాలుగు తక్కువ చెప్పినవ్ అత్తా" అన్నాను.

"నాలుగు పోగులకు చీర చిన్నగైతదా?" అంది.

మరునాడే పుస్తకంలో 'అత్త' అని ఇంకో గడి చేర్చాను. నాలుగు నెలల్లో డెబ్బై మూడు సార్లు చెప్పింది. అరవై ఒక్కసార్లు ఆమె మాట మీటరుకు పది అటు ఇటుగా ఉంది. మిగతా పన్నెండు తప్పు. తప్పు చెప్పినప్పుడల్లా "నీ మిషిన్ల బ్యాటరీ అయిపోయింది" అనేది.

దీనికి నా దగ్గర కారణం ఉంది. చర్మం చల్లదనం, తడి, నేను తిన్నదేమిటో కళ్లతో చూడడం, ఏండ్ల తరబడి నా అంకెలు వినడం. గంజి తెలిసిన చేతికి ఇదీ తెలియడంలో ఆశ్చర్యం లేదు. 'ఎందుకు' గడిలో 'అలవాటు' అని రాసి ఊరుకున్నాను. ఇంతవరకు అంతా లెక్కలోనే ఉంది.

నాలుగేండ్ల కింద, సీతాఫలాల కాలంలో, పని మీద మహబూబ్‌నగర్ పోయాను. మా ఊరికి దాదాపు నూట యాభై కిలోమీటర్లు. చుట్టాలింట్లో పండుకుని, పొద్దున ఎనిమిదికి ఇన్సులిన్ తీసుకుని మూడు ఇడ్లీలు తిన్నాను. డిజైన్లు చూపడానికి రెండు మూడు చోట్లకు నడిచే తిరిగాను. పదకొండు దాటాక బస్టాండుకు చేరుకున్నాను.

బస్టాండు బయట ఒకామె గంప ముందర పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతోంది. సుజాతకు ఇష్టమని తీసుకుందామనుకున్నాను. నేను ఏదైనా చూసి, నొక్కి, లెక్కబెట్టి గానీ కొనను. ఎడమచేతిలో పట్టుకుని నొక్కిన పండు ఒకటి మాగిపోయి ఉంది. చేతిలోనే పగిలింది.

"పండ్లు కొంటవా, పిసుకుతవా అన్నా? నువ్వో రెండు తిను, కడుపు చల్లగైతది" అంది ఆమె.

"నాకు షుగర్ అమ్మా, వద్దు" అని, పగిలిన దానితో కలిపి ఆరు కొని, చేతిరుమాలుతో చెయ్యి తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాను.

పదకొండు నలభై రెండుకు షుగర్ చూసుకున్నాను. ఎడమచేతి వేలికే గుచ్చాను. మూడు వందల నలభై ఆరు.

మూడు ఇడ్లీలకు అంత రాదు. కానీ అంకె అంకెనే. పుస్తకంలో లెక్క వేశాను. ఉండాల్సిన నూట ఇరవై తీసేస్తే రెండు వందల ఇరవై ఆరు. ఒక యూనిట్‌కు నలభై దిగుతుంది. ఐదున్నర దాటి ఆరుకు దగ్గర. ఇన్సులిన్ పెన్ను తీసి ఆరుకు తిప్పాను. చొక్కా పైకి జరిపాను.

ఫోను మోగింది. సుజాత.

"బావా, ఏమన్న తిన్నవా? అమ్మ నస పెడుతున్నది. మగ్గంల నుంచి లేసి వచ్చింది. పడుగు సడలింది, వానికి ఫోన్ చెయ్యి అంటది."

"పడుగు సడిలితే బిగించుకోమను. నాకెందుకు ఫోను?"

"నేను గూడ అదే అన్న. నేను చెయ్యి పెట్టి చూసిన, బిగువుగనే ఉన్నది. అయినా వింటలేదు. జర ఏమన్న తినుమంటది."

"మూడు వందల నలభై ఆరు ఉన్నది. ఇంకా తినుమంటవా? సూది వేసుకుంటున్న."

ఫోను చేతులు మారిన చప్పుడు. అత్త.

"నలభై ఉన్నది రా. సూది పక్కకు పెట్టు."

"మీటరు అబద్ధం చెబుతుందా అత్తా?"

"నేను చెప్తనా?"

"నువ్వు ముట్టుకోలేదు, చూడలేదు, అక్కడ కూసొని..."

"అరే, మంకుపట్టు పడుతున్నవు చూడు. గందుకే నలభై."

నాకు నిజంగానే కోపమొచ్చింది. ఆమెది తప్పని పుస్తకంలో ఎక్కించి తీరాలనుకున్నాను. నా పద్ధతి ఒకటుంది. ఒక లెక్కను సరిచూడాలంటే అదే దారిలో మళ్లీ చేయకూడదు, వేరే దారిలో చేయాలి. అందుకని ఫోను బల్ల మీద పెట్టి, ఈసారి కుడిచేతి వేలికి గుచ్చాను.

నలభై ఒకటి.

మీటరు వైపు ఎంతసేపు చూశానో తెలియదు. ఫోనులోంచి అత్త గొంతు చిన్నగా వినబడుతూనే ఉంది. "ఎంత? అరే, ఎంత రా?"

పెన్ను మూత పెట్టేశాను. సంచిలోని గ్లూకోజు పొడి నోట్లో పోసుకున్నాను. పావుగంట ఆగి, నల్లా కింద రెండు చేతులూ కడుక్కుని చూసుకుంటే డెబ్బై రెండు. అప్పుడు కూర్చుని సీతాఫలం ఒలుచుకున్నాను. గంపామె నన్నే చూస్తోంది.

"షుగరంటివి కదనే అన్నా? మా పండు చూస్తే షుగర్ గూడ మర్చిపోయినవా?"

బస్టాండులో ఒంటరిగా కూర్చుని అంత గట్టిగా నవ్వడం నాకు అదే మొదలు.

తర్వాత డాక్టరుగారు చెప్పారు. పండు రసం ఆరిన వేలికి గుచ్చితే రక్తంతో పాటు ఆ తీపి కూడా మీటరులోకి పోతుందట. తుడిస్తే చాలదు, కడగాలి. నలభై దగ్గర ఉన్నవాడు ఆరు యూనిట్లు వేసుకుని బస్సెక్కి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆయన నా పుస్తకం మూసి చేతికిచ్చారు.

కాబట్టి మూడు వందల నలభై ఆరుకు కారణం దొరికింది. 'సీతాఫలం' అని రాశాను. పక్కన అత్త చెప్పిన నలభై సంగతే తేలలేదు.

తేల్చాలని చూడకపోలేదు. మీటరులో సమయం పదకొండు నలభై రెండు. సుజాత ఫోనులో పదకొండు నలభై నాలుగు. అత్త మగ్గం ఆపింది అంతకు ముందే, అంటే నేను వేలికి గుచ్చుకుంటున్నప్పుడో, ఇంకా ముందో. ఆ రోజు ఎండ. పడుగు కట్టిన తాడు, గూటం, అన్నీ నేనే విప్పి చూశాను. ఏదీ జారలేదు. నేత మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే గుడ్డ మీద సన్నటి అడ్డగీత పడుతుంది. ఆ చీరలో సరిగ్గా అక్కడ గీత ఉంది. ఆ గీత వల్ల చీరను పక్కన పెట్టారు. సుజాత కట్టుకుంటోంది.

పుస్తకం కూడా చూసుకున్నాను. ఆ రోజు నేను చేసిన తీసివేత, భాగహారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ అంకెలు మాత్రం గీత వదిలి కిందికి జారిపోయాయి. అప్పటికే షుగర్ పడిపోయినవాడి రాత అది.

పరీక్ష కూడా పెట్టాను. పానగల్‌లో పనున్నప్పుడు పది రోజులు, చెప్పిన సమయానికి అక్కడినుంచి ఫోను చేసి, "ఇప్పుడెంత అత్తా?" అని అడిగాను. పదిలో ఒక్కటీ కలవలేదు. ఒకరోజు రెండు వందలంటే ఎనభై ఎనిమిది ఉంది.

"చూసినవా, నీకేం తెల్వదు" అన్నాను సంతోషంగా.

"నువ్వు సుఖంగ కూసొని అడిగితే నాకేం తెలుస్తది రా?" అంది.

కాకతాళీయం అనుకోవచ్చు. ఏదో భయం పుట్టి ఫోను చేయించింది, ఏదో అంకె అన్నది, కలిసింది. ఎవరైనా ఈ కథ నాకు చెబితే నేనూ అదే అంటాను. కానీ అంతకు ముందుగానీ, ఆ తర్వాతగానీ, అత్త నేత మధ్యలో లేచి వచ్చి నాకు ఫోను చేయించింది లేదు. నాకు తెలిసినంతవరకు అదొక్కసారే.

ఇప్పుడు నా జబ్బకు ఒక సెన్సరు అంటించుకుంటున్నాను. షుగర్ పడిపోతే ఫోను కూస్తుంది. మోకాళ్ల నొప్పులతో అత్త నేయడం మానేసింది. అయినా ఊరికి బయల్దేరేముందు సంచిలో గ్లూకోజు, మీటరు, చేతులు కడగడానికి సీసాడు నీళ్లు సర్దుకుని, చివరగా ఆమె ముందర ముంజెయ్యి చాపుతాను. నమ్మకం కాదు. జాగ్రత్త.

మొన్న ఆ పాత పుస్తకం దులుపుతుంటే పక్కకు వచ్చి కూర్చుంది. చదవడం రాదు, గడులు మాత్రం లెక్కబెడుతుంది. వేలుతో ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"గీ గడి ఖాళీగ ఉన్నదేంది రా?"

"సీతాఫలం రోజుది అత్తా. నువ్వు చెప్పిన నలభైకి కారణం రాయాలె. నాలుగేండ్లాయె, దొరకలేదు. నీకెట్ల తెలిసిందో నువ్వే చెప్పు."

అరచెయ్యి తిప్పి తనే కాసేపు చూసుకుంది.

"నాకేమెరుక? సడలినట్టనిపించింది. తెల్వదని రాయి. గది గూడ లెక్కనే గద."

ఇన్నేండ్ల పుస్తకాల్లో ఎన్నడూ రాయని మాట. పెన్ను తీసి, గీత తప్పకుండా, గుండ్రటి అక్షరాలతో రాశాను.

తెల్వదు.