కూలర్‌లో ఉడుత పిల్లలు

దసరా వెళ్ళగానే మా కంటోన్మెంటు క్వార్టర్ పెరట్లో పనులు మొదలయ్యేవి. రాలిన వేపాకు ఊడ్చాలి, మెంతులు, పాలకూర విత్తనాలు చల్లాలి, ట్రంకుల్లోంచి చలికాలం కప్పుకునే దూది రజాయిలు తీసి ఎండలో వెయ్యాలి. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. రజాయిల కాపలా నాది. పుస్తకం పట్టుకుని మంచం మీద కూర్చునేదాన్ని.

ఒక ఉడుత రజాయి చిరుగులోంచి దూది పీకి, నోటినిండా కుక్కుకుని, వెనక కిటికీకి ఉన్న కూలర్‌లోకి దూరేది. వేసవి అయిపోయి కూలర్ ఆపేసి చాలా రోజులైంది. నేను దాన్ని తరమలేదు. ఎన్నిసార్లు వచ్చిందో డైరీలో రాసుకున్నాను. కొన్నాళ్ళకు లోపలినుంచి సన్నటి కిచకిచలు వినబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి నా ఒక్కదానిదే అయి ఉండాలనిపించింది.

ఒక ఆదివారం నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని కూలర్ విప్పడానికి వచ్చారు. గోడ పక్కన అమ్మా, పక్క క్వార్టర్ ఆంటీ మాట్లాడుకుంటున్నారు. చెబుదామని లేచాను.

"అచ్ఛా, ఈ పిల్లకి చేతిలో పుస్తకం లేకుండా నిలబడ్డం కూడా వచ్చన్నమాట!" అంది ఆంటీ.

అమ్మ నవ్వింది. ఇప్పుడు చెబితే, దూదంతా పోతుంటే చూస్తూ కూర్చున్నావా అని ఆంటీ ఎదుటే అమ్మ అడుగుతుంది. మళ్ళీ మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాను. నాన్న నెమ్మదిగానే తీస్తారులే అనుకున్నాను.

నాన్న వట్టివేళ్ళ తడికను ఒక్క గుంజు గుంజారు. దూది ఉండతో పాటు మూడు పిల్లలు గచ్చు మీద పడ్డాయి. ఇంకా కళ్ళు తెరవనివి. రెండు కదలలేదు.

"రోజంతా ఇక్కడే ఉంటావు కదమ్మా, చూళ్ళేదూ?"

"లేదు నాన్నా."

మిగిలినదాన్ని ఆయన దూదిలో పెట్టి, బూట్ల డబ్బాలో గోడ మీద ఉంచారు. తల్లి వచ్చేదాకా ఎవర్నీ పెరట్లోకి రానివ్వలేదు. అది వచ్చింది, పిల్లను నోట కరుచుకుని పోయింది. అయినా నాన్న అన్నం సరిగా తినలేదు. "తొందరపడ్డాను. ఒకసారి తట్టి చూడాల్సింది," అని అమ్మతో రెండుసార్లు అన్నారు. నేను పక్కనే కూర్చుని చారు పోసుకున్నాను.

మరుసటి ఏడు కూలర్ విప్పేముందు నన్ను పిలిచారు. "నా కంటికి ఆనవమ్మా, నువ్వు చూడు." ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. నేను సందులన్నీ వెతికి, ఏమీ లేవని చెప్పేదాన్ని. నా మాట నమ్మి ఆయన తడిక లాగేవారు.