ఆడవాళ్ల వైపు చాప

పాతికేళ్ల వయసులో నాకో జబ్బుండేది. పగలంతా ఆటోనగర్‌లో లారీ బేరింగులు అమ్మేవాణ్ణి, కానీ ఎక్కడైనా పాత గోడ కనిపిస్తే చాలు, మనసు తెల్లదొరల కాలానికి వెళ్లిపోయేది. (గోడ నిజంగా పాతదో, సున్నం వేయక అలా ఉందో విచారించేవాణ్ణి కాను.) అలాంటి నన్ను మా అమ్మ పెళ్లిచూపులకని హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఊరికి, దొరలు కట్టించిన చర్చికి తీసుకెళ్లింది. ఆదివారం ఆరాధనలో అబ్బాయీ అమ్మాయీ ఒకరినొకరు చూసుకోవాలి, ఆ తర్వాతే ఇంట్లో మాటలు. ఆ అమ్మాయి అప్పటికే ముగ్గురిని వద్దందట. "ఈ సంబంధం కూడా చెడగొట్టావంటే, ఇక నీకు వండిపెట్టడం నా వల్ల కాదురా," అని అమ్మ బస్సులోనే చెప్పేసింది.

చర్చి గుమ్మం దగ్గర అమ్మ పలకరింపుల్లో పడింది. నేను చెప్పులు విప్పి లోపలికెళ్లి తలెత్తాను, అంతే. నల్లటి టేకు దూలాలు, వాటికి తుప్పుపట్టిన కొక్కేలు. తాడుతో లాగే గుడ్డ పంకా వేలాడదీసినవి కాబోలు. ఇంకేముంది, నా ఊహలో కింద దొరసాని గౌను సర్దుకుని కూర్చుంది, దొర జేబుగడియారం తీసి పాదిరిగారి వైపు చిరాగ్గా చూశాడు. వాళ్లకి చోటు వదులుతూ వెనక్కి వెనక్కి నడిచి, ఖాళీగా ఉన్న చాప మీద కూర్చున్నాను. అది ఆడవాళ్ల వైపు చాప. మా చర్చిల్లో మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు కూర్చోవడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయిని లేవమంటే బాగుండదని, అందరూ నెత్తిమీద కొంగులు సర్దుకుని ఊరుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "బాబూ, కాస్త అటు జరగండి, మా మనవరాలు కూర్చుంటుంది," అంది. జరిగాను. పక్కన ఎవరు కూర్చున్నారో చూడలేదు.

"గంటలకొద్దీ పంకా లాగితే, పాపం, ఆ లాగేవాడికి చేతులు నొప్పెట్టేవి కావంటారా?" అన్నాను, కొక్కేల మీంచి కళ్లు తిప్పకుండా.

"తాడు కాలికి కట్టుకునేవాడంటండి మా ముత్తాత," అంది పక్కనుంచి ఓ గొంతు. "ప్రసంగం సాగితే నిద్రపోయేవాడంట. కాలు మాత్రం ఆడుతూనే ఉండేదంట."

అప్పుడు తల తిప్పి చూశాను. ఫోటోలో చూసిన ముఖమే, మేము చూడ్డానికొచ్చిన అమ్మాయే. గుమ్మంలో అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఈ సంబంధమూ పోయినట్టేననుకుని, లేచి వెళ్లడానికి కూడా సిగ్గేసి, ఆరాధన అయ్యేదాకా ఆడవాళ్ల మధ్యే కూర్చున్నాను.

సరేనని వాళ్ల దగ్గర్నుంచి కబురొస్తే అమ్మ కూడా నమ్మలేదు. ఎలా ఒప్పుకున్నావని పెళ్లయ్యాక అడిగాను. "ముందొచ్చినోళ్లంతా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, వంటొచ్చా అన్నారండి. మా ముత్తాతకి చేతులు నొప్పెట్టాయా అని అడిగింది మీరొక్కరే," అంది.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న నేను ఫోన్ చూసుకుంటుంటే, మా ఆవిడ మందు రాసుకుంటూ మళ్లీ అదే ఎత్తింది. "ఎప్పుడో పోయిన మా ముత్తాత చేతుల గురించి అడిగారు. బతికున్న నా మోకాళ్ల సంగతి అడగరేమండి?"

నవ్వొచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. ఆ పాతికేళ్లవాడైతే ఎప్పుడో అడిగేసి ఉండేవాడు, వెర్రిబాగులవాడు. నేను ఫోన్ పక్కన పెట్టాను.

"ఏ కాలు?" అన్నాను.

"రెండూనండి," అంది.