ఫిల్మ్ నగర్‌లో రాళ్లు కడిగే మనిషి

శ్రీకాకుళం నుంచి ఫిల్మ్ నగర్ దాకా నన్ను రప్పించింది ఒక నది. సినిమా సెట్‌లో వేసిన నది. నదుల అడుగున రాళ్ల సందుల్లో సన్నటి ఒండ్రు ఎంత పేరుకుందో కొలవడం నా ఉద్యోగం కాబట్టి, సెట్ సహజంగా ఉందో లేదో నేను చెప్పాలట.

"బాగుందండీ, కాకపోతే అసలు నదిలో రాళ్లు ఇంత శుభ్రంగా ఉండవు" అన్నాను.

"అసలు నదిని ఎవరు చూస్తారండీ?" అన్నాడు డైరెక్టర్. మా ఆఫీసు నడిచేది ఈ సూత్రం మీదే అయినా, ఇంత సూటిగా అక్కడ ఎవరూ చెప్పలేదు.

ఆయన వెళ్లాక, మోకాలి లోతు నీళ్లలో యాదగిరి కనిపించాడు. బోరబండ మనిషి, సెట్‌లో రాళ్లు కడగడం ఆయన పని. అడుగున పాతిన ప్లాస్టిక్ బుట్టను పైకి తీశాడు. దాన్నిండా గులకరాళ్లే. వాటిని బకెట్లో జాడించి, కిందికి దిగిన మట్టిని వేలితో కొలిచాడు. మేం నదిలో చేసేదీ అచ్చంగా అదే.

"ఇదెవరు నేర్పారండీ? మా పనీ ఇదే."

"ఎవరు నేర్పుతరు సార్? మట్టి వేలి గణుపు దాటితే రాళ్లు కెమెరాల మెరువయి. దినాం పొద్దుమాపు చూస్త. మీరు గూడ గిట్లనే చూస్తరా?"

"నిరుడు బుట్ట పెట్టాం. తియ్యడానికి జీపు ఇంకా శాంక్షన్ కాలేదు."

యాదగిరి తన బుట్టను జాగ్రత్తగా మళ్లీ పాతి, నా వైపు జాలిగా చూశాడు.

"గీడైతే రెండో రోజే ఇంటికి పంపుతరు సార్."

నిజమే. నాది అసలు నది కాబట్టి ఇంకా ఉద్యోగంలో ఉన్నాను.